సాయన్న రుమాలు

నా సందూకలో ఒక కొత్త రుమాలు ఉంది. మడత విప్పనిది, ఎవరి తలకూ చుట్టనిది. ఒక పెళ్లికొడుక్కి పెడదామని కొన్నాను. వాళ్లు తీసుకోలేదు. దుకాణంలో తిరిగి ఇవ్వలేదు, నేను కట్టుకోలేదు, దానం చేయడానికీ చెయ్యి రాలేదు. సందూక తెరిచిన ప్రతిసారీ అదే ముందు చేతికి తగులుతుంది.

బరువంటే ఏమిటో నాకు బాగా తెలుసు. బతుకంతా ఇనుముతో గడిపినవాణ్ణి. ఇనుము ఎంత బరువైనా నలుగురు పట్టి దింపితే దిగుతుంది. ఈ రుమాలు బరువు మాత్రం ఇన్నేళ్లు ఒక్కణ్ణే మోశాను. నా భార్యకు చెప్పలేదు, ఆమె తెలియకుండానే పోయింది. కొడుక్కి చెప్పలేదు. పూజారికి చెప్పలేదు, ఆయనకు చెబితే ఒక కొబ్బరికాయతో మాఫీ చేస్తాడని భయం. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

ముందే ఒక మాట. నా మీద జాలి పుట్టేలా రాస్తున్నానని ఎక్కడైనా అనిపిస్తే నమ్మకండి. నేను కోపిష్టివాణ్ణి. ఊరికే అరిచే రకం కాదు, చెయ్యి లేచే రకం. వీనికి కోపం ముక్కు మీద కాదు, నెత్తి మీద కుంపటి పెట్టుకొని పుట్టిండని మా బాపు అనేవాడు. అది విని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, నేను కూడా నవ్వేవాణ్ణి.

మాది నవీపేట పక్క సేద్యగాళ్ల ఇల్లు. నాగలి నాకు పడలేదు. పడుచుతనంలోనే సర్కారు కాలువ పనుల్లో చేరి, చైను మిషిన్ నడపడం నేర్చుకున్నాను. పట్నంవాళ్లు దాన్ని బుల్డోజర్ అంటారు. చక్రాలుండవు, ఇనుప చైన్ల మీద పాకుతుంది, ముందర మనిషి ఛాతీ ఎత్తున ఇనుప రేకు ఉంటుంది. దాన్ని దించి తోస్తే గట్లు కూలతాయి, గుట్టలు జరుగుతాయి. దాని మీద కూర్చున్నవాడికి ఎవరైనా దారి ఇవ్వాల్సిందే. నౌకరీ ఉన్నన్నాళ్లూ నాకు అందరూ దారి ఇచ్చారు.

రిటైరైన రోజు దండ వేశారు, శాలువా కప్పారు, నోట్లో మిఠాయి కుక్కారు. మర్నాడు పొద్దున నా సీట్లో ఇంకొకడు కూర్చున్నాడు. నిజామాబాద్‌లో ఇంటి అరుగు మీద కూర్చొని వచ్చేపోయే రిక్షాలను చూడటమే నాకు మిగిలిన పని. నెల తిరగకముందే గల్లీలో సగం మందితో తగాదా పడ్డాను. పాలల్లో నీళ్లు కలిపాడని పాలవాడి మీదికి చెంబు విసిరాను. వాడి కనుబొమ్మ చిట్లి, అరుగంతా నెత్తురు పడింది. నా భార్య నీళ్లు పోసి కడుగుతూ ఒక్కటే అన్నది. చేసినంత చేసినవు, ఇగ ఇంట్ల కూసోరాదా అని. ఆ మాటకు ఆమె మీద కూడా చెయ్యి లేపాను. దించాను అనుకోండి. కానీ లేపాను.

ఆ సమయంలోనే కాలువ యార్డులో తుప్పు పట్టిన మిషిన్లు వేలం వేశారు. అందులో ఒకటి నేను నడిపిందే. దాని ఎడమ చైను కొద్దిగా లాగేది, నా భుజానికి ఆ అలవాటు ఇంకా పోలేదు. రిటైర్మెంట్‌లో వచ్చిందంతా దాని మీద పోశాను. బోధన్‌లో తెలిసిన మిస్త్రీ దగ్గర ఇంజన్ విప్పించి, బిగించి, పసుపు రంగు వేయించి, ముందు నిమ్మకాయలు కట్టాను. అరవయ్యేళ్లకు దగ్గర పడుతున్నవాడు కొత్త దుకాణం పెట్టుకున్నట్టు, అడవి సాఫ్ చేసే పని పెట్టుకున్నాను.

పనికి కొదవ లేదు. ఆ పక్కంతా చెరుకు పిచ్చి పట్టి ఉంది. కాలువ నీళ్లు అందే చోట తుమ్మలూ, పరికి కంపా నిలబడి ఉంటే భూమి గలవాడికి అన్నం సయించేది కాదు. కందకుర్తి దాకా పిలిచేవాళ్లు. సర్కారుది కాని మిషిన్ ఆ చుట్టుపక్కల నాదొక్కటే.

నిజం చెప్పమంటే, ఆ పని నాకు నచ్చింది. ఎట్లా నచ్చింది అంటే సిగ్గవుతుంది. పెద్ద తుమ్మను తోస్తే ముందు అది బెదరదు. తర్వాత ఎక్కడో లోపల వేరు తెగిన చప్పుడు వస్తుంది. చెట్టు మొత్తం వణికి, మట్టిని పెళ్లగించుకుంటూ వెనక్కి పడుతుంది. కంపలోంచి కుందేళ్లు దూకేవి, ఉడుములు పాకేవి. కొన్ని తప్పించుకునేవి, కొన్ని చైన్ల కింద నలిగేవి. ఒకసారి తాచుపాము రేకు మీదికి లేచి పడగ విప్పింది. ఆపలేదు, తోసేశాను. సాయంత్రం చైన్ల సందుల్లోంచి తోలూ, ఈకలూ పుల్లతో పీకి పారేసేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు ఆకలి బాగా వేసేది. నిద్ర బాగా పట్టేది. గల్లీలో ఎవరితోనూ తగాదా పడలేదు. లోపలి మంటంతా చెట్ల మీద పోతోంది కదా అని నా భార్య కూడా ఊరుకుంది.

మా దిక్కున కొత్త భూమి కొట్టేముందు బలి ఇస్తారు. భూమి నెత్తురు అడుగుతుందంటారు. మనం ఇవ్వకపోతే తానే తీసుకుంటుందంటారు. అందుకని ఎక్కడికి పోయినా ముందు మేకపోతును రేకు ముందుకు ఈడ్చుకొచ్చి, ఒక్క వేటుకు నరికి, ఆ నెత్తురు రేకుకు పూసేవాళ్లు. తర్వాతే నేను ఇంజన్ లేపాలి. ఇది గుర్తుంచుకోండి.

కోటగిరి దగ్గర ఒక పటేల్ పిలిచాడు. కాలువ కింద ఆయనకు పెద్ద కంచె, అంటే దున్నని బీడు అడవి, ఉంది. తుమ్మలు, రేగు, మధ్యలో రాళ్లు. ఆ కంచెకు ఒక మూలన మాత్రం చిన్న జొన్నచేను. దాన్ని సాయన్న అనేవాడు చేసుకుంటున్నాడు. పటేల్ తండ్రి బతికున్నప్పుడు కొట్టుకొని బతకరా అని చూపించిన నేల అట. కాగితం లేదు. మొగుడూ పెళ్లాలు గడ్డపారతో ఒక్కొక్క మొద్దే తవ్వి ఆ మూలను జొన్న పండే చెలక చేశారు. దున్నేవాడిదే భూమి అవుతుందని ఆ రోజుల్లో గుసగుసలు పుట్టాయి. అప్పటి నుంచి పటేల్‌కు ఆ మూల కంట్లో నలుసైంది. ఖాళీ చేయమంటే సాయన్న చేయలేదు. పటేల్ మనుషులు చెరువుగట్టు మీద పట్టుకొని కట్టెలతో కొట్టారు. తల పగిలింది.

ఇదంతా నాకు ముందే తెలుసు. పటేలే చెప్పాడు, నవ్వుకుంటూ. మొత్తం సాఫ్ కావాలన్నాడు. మొత్తం అంటే ఏమిటని నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఒక జవాబే కదా?

ఆ రోజు పొద్దున మేకను తెచ్చారు. నరికారు. వేటు సరిగ్గా పడలేదు, మేక సగం తెగిన మెడతో అరుస్తూ తిరిగింది, ఇద్దరు తొక్కిపెట్టి రెండో వేటు వేయాల్సి వచ్చింది. అపశకునమని ఒకడు గొణిగాడు. నెత్తురు రేకుకు పూశారు. మేకను తుమ్మకొమ్మకు వేలాడదీసి తోలు తీయడం మొదలుపెట్టారు. నేను మిషిన్ ఎక్కబోతుంటే సాయన్న వచ్చాడు.

నలభై దాటిన మనిషి. బక్కపలుచన. తలకు తెల్ల రుమాలు. దాని మీద ఎండిన నెత్తురు మరక ఉంది, పగిలిన తలను దానితోనే కట్టుకున్నట్టున్నాడు. పటేల్ మనుషుల వైపు చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సాబ్, గా తుమ్మల దిక్కు కొట్టుకోండ్రి, నేనేమనను. గీ ఇవతలి మూల నేను గడ్డపారతోని తీసిన చెలక. జొన్న పాలు పోసుకున్నది. కోసుకున్నంక మీ ఇష్టం. గంతదాక ఆగుండ్రి."

"నాకెందుకు చెప్తున్నవ్? పటేల్‌తోని మాట్లాడుకో" అన్నాను.

"పటేల్‌తోని మాట్లాడితెనే నెత్తి పలిగింది సాబ్. తొక్కేది మీరు గదా, గందుకే మీకు చెప్తున్న."

నేను మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు అన్నాడు. తిట్టినట్టు కాదు, ఇంట్లో పెద్దమనిషికి చెప్పినట్టు అన్నాడు.

"సర్కారు మిమ్ములను ఇగ సాలు, ఇంటికి పొమ్మన్నది గదా సాబ్. పోయి సల్లగ కూసోరాదుండ్రి. గీ వయసుల మా పొట్టల మీదికెల్లి ఎందుకు తోలవడితిరి?"

పటేల్ మనుషుల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే. అదొక్కటే. నా భార్య అన్న మాటే ఆయనా అన్నాడు. నా గురించి అందరికీ ఇంత స్పష్టంగా తెలుసా? దండ వేసి బయటికి పంపిన ముసలాణ్ణని కోటగిరి జొన్నచేలో కూడా తెలుసా? కళ్ల ముందర ఎర్రబడింది. ఎక్కి కూర్చొని ఇంజన్ లేపాను.

తుమ్మల దిక్కు పోవాలి. పటేల్ కూడా ముందు అటే అన్నాడు. నేను మిషిన్‌ను జొన్నచేను వైపు తిప్పాను. ఎవరూ చెప్పలేదు. నేనే తిప్పాను.

సాయన్న పరుగెత్తుకుంటూ అడ్డం వచ్చాడు. చేను చుట్టూ పశువులు రాకుండా ముళ్లకంప పేర్చుకున్నాడు. ఆ కంపకు ఇవతల, నా ముందు నిలబడ్డాడు. ఎడ్లబండి మలుపుకునేంత జాగా ఉంది మధ్యలో. ఇంజన్ మోతలో ఆయన గొంతు వినపడే వీల్లేదు. అది ఆయనకూ తెలిసింది. తల మీది రుమాలు విప్పాడు. చేతికి అందినంత ఎత్తు లేపి, తల చుట్టూ గిరగిర తిప్పాడు.

ఇక్కడ నిదానంగా రాయాలి. ఈ ఒక్క చోట అబద్ధం చెప్పే ఇన్నేళ్లు బతికాను.

మా కాలువ పనిలో కొన్ని సైగలుండేవి. మోతలో మాట వినపడదు కాబట్టి ముందర ఒక మనిషి నిలబడి చేతులతో చెప్పేవాడు. రెండు చేతులు బార్లా చాపితే ఆగు. తువ్వాలు తల మీద తిప్పితే దారి సాఫ్‌గా ఉంది, ముందుకు రా. అది మా మిషిన్‌వాళ్ల భాష. సేద్యగాళ్ల భాష వేరు. ఊళ్లలో రుమాలు విప్పి తిప్పితే ఒక్కటే అర్థం. ఆగు. మనిషి ఉన్నాడు, ఆగు. నేను చిన్నప్పుడు మా అవ్వకు కడుపునొప్పి లేచి మెలికలు తిరుగుతుంటే, మా బాపు రోడ్డు మీదికి ఉరికి రుమాలు విప్పి తిప్పి చెరుకు బండిని ఆపాడు. ఆ బండి మీదనే అవ్వను దవాఖానకు తీసుకుపోయారు. నేను బాపు పక్కనే నిలబడి ఉన్నాను. రుమాలు తిప్పితే ఏమిటో నాకు తెలియదా? మాట రాకముందు నుంచే తెలుసు.

సాయన్న ఆగమన్నాడు. నేను చూశాను. నాకు అర్థమైంది. క్లచ్ నా చేతి కిందే ఉంది.

బెదిరిద్దామనుకున్నాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పక్కకు దూకుతాడనుకున్నాను అని. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, దూకకపోయినా సరే అనుకున్నాను. రేకు ఎత్తి ఉంటే ఆయన కంపలోకి ఒరిగి బతికేవాడేమో. నేను రేకు దించాను. మనిషిని బెదిరించేవాడు రేకు దించుతాడా? నాకు జవాబు తెలుసు. అందుకే ఈ ప్రశ్నను ఇంతకాలం దగ్గరికి రానివ్వలేదు.

ఆయన చివరి దాకా జరగలేదు. నేను ఆపుతానని నమ్మాడు. మేక నెత్తురు పూసిన రేకు తన మీదికి వచ్చాక అప్పుడు వెనక్కి తిరిగాడు. వెనక ఆయన పేర్చుకున్న ముళ్లకంపే ఉంది. ధోతి దానికి చిక్కుకుంది. లాక్కుంటున్నాడు. నా ముఖంలోకి చూశాడు. కళ్లలో భయం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. తర్వాత కంపా, మట్టీ, జొన్నకంకులూ, మనిషీ ఒకటే కుప్పగా రేకు ముందు దొర్లాయి. ఎడమ చైను కొద్దిగా ఎత్తుకొని దిగింది. ఆ కుదుపు నా నడుములో ఇప్పటికీ ఉంది. రాయి ఎక్కితే ఒక తీరుగా ఉంటుంది, మొద్దు ఎక్కితే ఒక తీరుగా ఉంటుంది. ఇది రెండూ కాదు.

అప్పుడు ఆపాను.

దిగి చూశాను. చూడకుండా ఉండాల్సింది. కాళ్లు ఒక దిక్కు ఉన్నాయి, ఛాతీ లేదు. ఒక చెయ్యి బయటికి వచ్చి రుమాలు కొస పట్టుకొని ఉంది, వేళ్లు ఇంకా ముడుచుకుంటున్నాయి. నేను కంపలోకి వంగి కక్కుకున్నాను.

పటేల్ మనుషులు తోలు తీసే కత్తులతోనే ఉరికివచ్చారు. రుమాలు పైకి లేవడం అందరూ దూరం నుంచి చూశారు. జొన్నల మీద తెల్లగా తిరుగుతుంటే కనపడకుండా ఉంటుందా? కాబట్టి నేను చూడలేదంటే చెల్లదు. ఆ పటేల్ కాదు, నేరాల లెక్క చూసే ఊరి పోలీసు పటేల్ వచ్చి అదే అడిగాడు. రుమాలు ఊపిండు గదా, సూడలేదా అని. నా నోరు నాకంటే ముందు కదిలింది. చూశాను, మా పనిలో తువ్వాలు తిప్పితే ముందుకు రమ్మని, తాను తప్పుకుంటున్నాడు, తోలుకొమ్మంటున్నాడు అనుకున్నాను అన్నాను. అబద్ధానికి ఎంత మంచి బట్ట కట్టానో చూడండి. అనుకున్నాను అన్నదొక్కటే అబద్ధం, మిగతా ప్రతి ముక్కా నిజంలాగే ఉంది. బోధన్ ఠాణా నుంచి పోలీసు జమాదారు వచ్చినప్పుడూ అదే చెప్పాను. మా పాత సెక్షన్ మనిషి ఒకడు సాక్ష్యం కూడా చెప్పాడు, అవును, మాలో అట్లనే సైగ అని. ఆయన అబద్ధం చెప్పలేదు. తలలూపారు అందరూ. పాపం, ఎరుక లేక ఊపిండు అన్నారు. భూమికి మేక చాలలేదు, మనిషిని తీసుకుంది అని కూడా అన్నారు. మొదటి వేటు తప్పింది కదా, అప్పుడే అనుకున్నం అన్నారు.

ఇంకొకటి రాయాలి. జమాదారు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఆ మేకను వండారు. నాకూ ఆకులో పెట్టారు. తిన్నాను. అంత కక్కుకున్నవాణ్ణి, ఆకలేసి, రెండోసారి కూడా అడిగి తిన్నాను.

దినాలు అయిపోయాక సాయన్న భార్య లచ్చవ్వ వచ్చింది. మిషిన్ ఇంకా కోటగిరిలోనే ఉంది, తుమ్మల దిక్కు పని నడుస్తోంది. బొట్టులేని ముఖంతో, చంకలో ఒక కోడిపుంజుతో నడుచుకుంటూ వస్తుంటే ఇంజన్ ఆపి దిగాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను, అది మాత్రం నిజం. ఆమె నా కాళ్ల మీద పడింది.

"అన్నా, గాయన ఎరుకలేక నీ మిషిన్‌కు మైల తగిలిచ్చిండు. నీ కొత్త పనికి అడ్డం పడ్డడు. తప్పు గాయనదే. గీ కోడిని కోసి మైల తీసుకో అన్నా. మా పిల్లల మీద ఉసురు పెట్టకు."

ఉసురు. నా ఉసురు వాళ్లకు తగులుతుందని ఆమె భయం!

లెమ్మన్నాను. వద్దన్నాను, కానీ గట్టిగా వద్దనలేదు. గట్టిగా అంటే ఎందుకని అడుగుతుందేమో అని. ఆమే కోడి మెడ కోసింది. మొగుణ్ణి తోసిన రేకుకే ఆ నెత్తురు పూసింది. పసుపు నీళ్లు చల్లింది. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. సాయన్నను చంపిన నిమిషం గురించి నాలో ఇంకా వాదన నడుస్తుంటుంది, కోపం అనీ, ఎరుపెక్కిన కళ్లనీ. ఈ నిమిషానికి వాదన లేదు. అప్పుడు నాకు కోపం లేదు. చల్లగా ఉన్నాను. ఒక్క మాట చాలు, తప్పు నాది అవ్వా అనే ఒక్క మాట. చెప్పలేదు.

ఆ మూల కూడా చెరుకు తోట అయింది. తర్వాత కూడా కొన్నేళ్లు నేను మిషిన్ నడిపాను. పని ఆపితే అనుమానం వస్తుందని కొంత, చెట్లు కూల్చకపోతే నిద్ర పట్టదని కొంత. పంట కాలంలో లచ్చవ్వ ఇంటికి గింజలు పంపేవాణ్ణి. ఊళ్లో ధర్మాత్ముడన్నారు. ఆమె నన్ను అన్నా అని పిలవడం అలవాటు చేసుకుంది. తోడబుట్టినవాళ్లు లేని మనిషి. చంపినవాణ్ణే అన్నను చేసుకుంది.

ఇట్లాగే పోయేవాణ్ణేమో. ఒకరోజు బోధన్ బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల మీద ఇద్దరు ఎవరి సంగతో మాట్లాడుకుంటున్నారు. ఎవడో తెలివితక్కువవాడు దొంగసాక్షులను తానే ఇంటికి పిలిచి, ఉన్న పొలం పోగొట్టుకున్నాడట. అందులో ఒకడు నవ్వుతూ అన్నాడు: "సాయన్న రుమాలు ఊపినట్టు, సావును పిలిసి మీదికి తెచ్చుకున్నడు."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను చెప్పిన అబద్ధం సామెత అయింది. ఊళ్లు దాటి నడుస్తోంది. సాయన్నను తెలియనివాళ్లు, కోటగిరి చూడనివాళ్లు కూడా అంటున్నారు. నా చేతిలోని చాయ్ గ్లాసు వాడి ముఖాన పగిలింది. స్టూలు ఎత్తి వాడి భుజాల మీద కొట్టాను, పడిపోతే ఛాతీ మీద కూర్చొని పిడికిళ్లతో కొట్టాను. పళ్లు ఊడాయి. నలుగురు పట్టి లాగారు. వాడు నోరంతా నెత్తురుతో, ఏడుస్తూ కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు: "గా సాయన్న నీకేమైతడే?"

ఏమవుతాడు? హోటలంతా నా జవాబు కోసం చూసింది. నేను తువ్వాలుతో చేతులు తుడుచుకొని బయటికి వచ్చేశాను. ఆ వారమే మిషిన్‌ను పాత ఇనుముకు ఇచ్చేశాను. అది తెగుతుంటే దగ్గరుండి చూశాను. నాకేమీ తేలిక కాలేదు.

ఆ తర్వాత లచ్చవ్వ కొడుకు పెళ్లి వచ్చింది. నిజామాబాద్ దాకా వచ్చి, అక్షింతలిచ్చి, మేనమామ జాగాలో నువ్వే నిలబడాలన్నా అని అడిగింది. మేనమామ బట్టలు పెట్టాలి. గంజ్ దగ్గరి దుకాణంలో మంచి ధోతి, అంగీ గుడ్డ, తెల్ల రుమాలు కొన్నాను. పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఆమె ధోతి తీసుకుంది, అంగీ తీసుకుంది. రుమాలు నా చేతిలో తిరిగి పెట్టింది.

"తప్పు వట్టకు అన్నా. మా ఇంట్ల ఇగ ఎవ్వరు రుమాలు కట్టరు. గాయన సేసిన తప్పు నా కొడుకు సెయ్యొద్దు."

పెళ్లికొడుకు ఉత్తతలకు బాసింగం కట్టుకొని పీటల మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్లు చూసి చూడనట్టు ఊరుకున్నారు. తండ్రి పోలికే, అదే బక్కపలుచని మెడ. నేను అక్షింతలు వేశాను. పప్పన్నం తిన్నాను. పెళ్లికూతురు తరపువాళ్లకు నన్ను చూపించి, మమ్ముల బతికిచ్చిన అన్న అని చెప్పింది. సన్నాయి మోగుతోంది. ఆ మోతలో చెబితే ఎవరికి వినపడుతుంది అనుకున్నాను. మోత ఆగాక కూడా చెప్పలేదు.

సాయన్నను రెండుసార్లు చంపాను. మొదటిసారి చైన్ల కింద. రెండోసారి నోటితో. మొదటిది చూసినవాళ్లు కొందరే. రెండోది ప్రతి సంతలోనూ జరుగుతోంది. సొంత కొడుకు దృష్టిలో కూడా ఆయన బుద్ధి తక్కువై చచ్చినవాడే. తన చేను ముందు, పగిలిన తలతో, ఇనుము ముందు ఒంటరిగా నిలబడి ఆగమన్న మనిషి ఆయన. అంతటి మనిషిని నేను నవ్వులపాలు చేశాను.

నా పేరు దాచానే గానీ, కోటగిరిలో ఎవరు చదివినా గుర్తుపడతారు. అక్కడ అటువంటి మిషిన్ ఒక్కటే తిరిగింది. లచ్చవ్వకు చదువు రాదు, కొడుక్కి వచ్చు. వాడు గడ్డపార పట్టుకొని వస్తే నా తలుపు తీసే ఉంటుంది అని రాశాను ఇందాక. గీత గీసి కొట్టేశాను. అదీ గొప్పలకే. వాడొస్తే నాకు భయమేస్తుంది. గొళ్లెం పెట్టుకుంటానేమో కూడా. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు చేసేది కాదు అది. చెయ్యాల్సినవాళ్లను అడిగే ధైర్యం నాకు లేదు. అయినా ఈ నాలుగు పేజీలు రాసేసరికి నడుములోని ఆ కుదుపు కొద్దిగా పక్కకు జరిగినట్టుంది. అంతవరకే.

ఒక్క పని చేసిపెట్టండి. మీరు ఎప్పుడైనా ఆ దిక్కుకు పోతే, ఏ హోటల్లోనో ఏ అంగట్లోనో ఎవరైనా సాయన్న రుమాలు ఊపినట్టు అని నవ్వితే, వాళ్లకు ఈ మాట చెప్పండి. ఆయన రమ్మనలేదు. ఆగమన్నాడు. నేను చూశాను. ఆగలేదు.